ఫ్లెక్సీ లేని చలివేంద్రం

చందానగర్ చర్చిలో ఎడమవైపు మూడో ఫ్యాను దేవరాజుది. ఆ సంగతి ఎవరినీ అడగక్కర్లేదు, ఫ్యానే చెబుతుంది. ఒక రెక్క మీద ‘దాత’, రెండో రెక్క మీద ‘బి. దేవరాజు’, మూడో రెక్క మీద ‘చందానగర్’ అని ఎర్ర పెయింటుతో దగ్గరుండి రాయించాడు. రాయించేటప్పుడు ఒక్క విషయం తట్టలేదు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు. పేరు కనబడాలంటే ఫ్యాను తిరక్కూడదు. ఆదివారం పూట జనమంతా గాలి కోసం పైకి చూస్తుంటే దేవరాజు మాత్రం కరెంటు పోవాలని పైకి చూసేవాడు. ఆరేళ్లుగా ఆ ఒక్క ప్రార్థనా ఫలించలేదు. మొదటి రెండేళ్లూ ఆదివారం పూట కరెంటు పోనేలేదు, పోవడం మొదలుపెట్టేసరికి చర్చికి ఇన్వర్టరు వచ్చింది. అది ఇచ్చిన పుణ్యాత్ములెవరో పేరు చెప్పలేదు. “పేరు లేనివాడు నా పేరు మీద పడ్డాడు” అని దేవరాజు పళ్లు నూరేవాడు.

ఉద్యోగం చూస్తే కొత్తగూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ మేనేజరు. కుర్చీలు, ఏసీలు, కాఫీ మిషన్లు, మెడలో వేలాడే కార్డులు ఆయన సామ్రాజ్యం. పన్నెండు వందల మందికి గుర్తింపు కార్డులు ఆయన చేతిమీదుగా అచ్చవుతాయి. అంతమందికి గుర్తింపు ఇచ్చే మనిషికి తిరిగి గుర్తింపు ఇచ్చేవాడు ఒక్కడూ లేడు. పండితులు ఈ జబ్బుకి కీర్తికండూతి అని పేరు పెట్టారు. కండూతి అంటే దురదే. సంస్కృతంలో చెప్పినంత మాత్రాన గోక్కోకుండా ఉండగలమా?

ఆ గోకుడు కిందటేడాది ఒక పిల్లకి గీరుకుంది.

మూడో అంతస్తు ఊడ్చే బాలమ్మకి ఒక్కతే కూతురు, యశస్విని. ఇంటర్మీడియట్‌లో చేరింది. ఆ పిల్ల ఫీజు కంపెనీ చేత కట్టించిన మంచి బుద్ధి దేవరాజుదే. ఫీజుతో ఊరుకుంటే బాగుండేది. థర్మాకోల్‌తో తలుపంత చెక్కు చేయించాడు. ఒక కొస బాలమ్మ, ఒక కొస తను, నడుమ పిల్ల. క్లిక్. ఆ ఫోటో ఆఫీసు గుమ్మంలో పెద్ద తెర మీద వారం రోజులు వెలిగింది. అది చాలక తన ఫోన్లో ఉన్న నలభై గ్రూపుల్లోకి పంపాడు. అందులో ఏదో ఒక గ్రూపు గోడ దూకి పిల్ల కాలేజీలో పడింది. తోటి పిల్లలు ‘చెక్కు’ అని పేరు పెట్టారు. “ఏ చెక్కూ, మీ అమ్మ మా క్లాసు గూడ ఊడుస్తదా?” అన్నారట. పేరులోనే యశస్సు ఉన్న పిల్ల, పైనుంచి వచ్చి పడ్డ యశస్సు మోయలేక దసరా సెలవులకి వచ్చింది వచ్చినట్టే ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు కొండాపూర్‌లో బట్టల కొట్లో బిల్లులు కొడుతోంది. చెక్కు చెల్లింది, చదువే చెల్లలేదు.

ఈ సంగతి దేవరాజుకి ఫిబ్రవరి దాకా తెలియనే తెలియదు. ఒకరోజు కాఫీ కప్పుతో వరండాలో నిలబడి, “పాప ఎలా చదువుతోంది బాలమ్మా?” అని పెద్దరికంగా అడిగాడు.

బాలమ్మ చీపురు గోడకి ఆనించింది. “సదువుడెక్కడిది సార్? మీ ఫోటోల పడ్డంక బంద్ వెట్టింది.”

ఆ సాయంత్రం దేవరాజు ఫోన్లో ఆ ఫోటో తీసి చూశాడు. అంతకుముందు వందసార్లు చూసిన ఫోటోనే. కానీ ఆ వందసార్లూ తన ముఖమే చూసుకున్నాడు. పిల్ల నేలకేసి చూస్తోందని నూటొకటోసారి కనబడింది. ఫోటో తుడిచేశాడు. తన ఫోన్లో పోయింది. నలభై గ్రూపుల్లో ఎవరు తుడుస్తారు?

భార్య సుగుణ ఆసుపత్రిలో నర్సు. సూది గుచ్చడం ఆవిడకి వృత్తి, ఇంట్లో ప్రవృత్తి.

“కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రతి ఆదివారం వింటారు కదండీ. మీరేమో రెండు చేతులా చెక్కు పట్టుకున్నారు.”

“ఇప్పుడేం చెయ్యమంటావ్?”

“ఈ ఎండాకాలం ఒక్కటంటే ఒక్క మంచిపని పేరు లేకుండా చెయ్యండి చూద్దాం. మీవల్ల కాదులెండి. దగ్గొచ్చినా మూడు గ్రూపుల్లో పెట్టే మనిషి!”

“కాకపోతే పేరు మార్చుకుంటాను!”

“చూశారా, మళ్లీ పేరు దగ్గరికే వచ్చారు.”

అలా పుట్టింది చలివేంద్రం. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద, దేవరాజు ఆఫీసు కిటికీకి సరిగ్గా ఎదురుగా, స్తంభం నీడలో బైకు టాక్సీలవాళ్లు, అన్నం పొట్లాలు మోసే డెలివరీవాళ్లు, ఆటోవాళ్లు ఎండకి వాలిపోయి ఉంటారు. చుట్టూ అద్దాల మేడలు. ఏ మేడలోనైనా మంచినీళ్లు ఉన్నాయి, మెడలో కార్డు ఉంటేనే ఉన్నాయి. అక్కడ నాలుగు పెద్ద కుండలు, గొలుసు కట్టిన రెండు స్టీలు గ్లాసులు, ఒక తడక, ఒక స్టూలు. నీళ్లు పోయడానికి మనిషి కావాలి. బాలమ్మకి ఆఫీసు పని సాయంత్రం నాలుగు నుంచి మొదలు. పొద్దుటి పూట ఖాళీ.

“వస్త సార్. మల్ల ఫోటో దిగుడుంటె మాత్రం రాను. పేరు రాసుడుంటె గూడ రాను. నీ పేరు ఏడుంటదో ఆడికి ఎన్కనే ఫోటో వస్తది.”

“పేరూ లేదు, ఫోటో లేదు, ఫ్లెక్సీ అసలే లేదు. ఒట్టు. నువ్వు కూడా ఎవరడిగినా నా పేరు చెప్పకూడదు.”

“ఎవరడిగినా?”

“ఎవరడిగినా.”

“నా బిడ్డ మీద ఒట్టు సార్, చెప్ప.”

దేవరాజు ఆ రోజు నేల మీద నడవలేదు. పేరు వద్దనుకున్నవాడి దర్జా పేరు కావాలనుకున్నవాడికి ఎక్కడ వస్తుంది? ఇంత గొప్పగా తను దాక్కుంటున్న సంగతి నలుగురికీ ఎలా తెలుస్తుందా అన్న ఒక్క బాధే మిగిలింది.

రోజూ ఏడింటికే కారులో వచ్చి, వాటర్ క్యాన్లు దింపించి, కుండలు నింపించి, ఎవరూ చూడకముందే ఆఫీసులోకి జారుకునేవాడు. సొంత దానానికి దొంగలా వెళ్లడం కొత్తగా ఉండేది. పదింటికి బాలమ్మ వచ్చేది. ఆయన మూడో అంతస్తు కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కునేవాడు.

మొదటి మూడు రోజులూ ఒక్కడూ తాగలేదు.

నాలుగోరోజు ఉండబట్టలేక, సిగరెట్ తాగనివాడు సిగరెట్ తాగడానికని కిందకి దిగి, స్తంభం వెనక నిలబడి విన్నాడు. హనుమకొండ నుంచి వచ్చిన మొగిలి అనే బైకు టాక్సీ అతను కుండల చుట్టూ తిరుగుతున్నాడు.

“పెద్దమ్మా, ఎవలదే ఇది?”

“తాగు బిడ్డా, సల్లగున్నయ్.”

“సల్లగుంటయ్ తియ్. ఎవలదని అడుగుతున్న. బ్యానర్ లేదు, ఫోటో లేదు, పార్టీ లేదు. ఊకెనే ఎవడు పోస్తడు నీళ్లు? ఏందో తిరకాసున్నది.”

“దేవుడు పెట్టిండనుకో.”

స్తంభం వెనక దేవరాజు ఒళ్లు పులకరించింది. దేవ... సగం పేరు వచ్చేసింది! మిగతా సగం కోసం చెవి రిక్కించాడు. రాలేదు. మొగిలి మాత్రం హెల్మెట్ తగిలించుకుని నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

పేరు పెట్టుకోకుండా ఇస్తే గౌరవం పెరుగుతుందనుకున్నాడు గానీ అనుమానం పెరుగుతుందని దేవరాజు కలలో కూడా అనుకోలేదు. మన ఊళ్లో నీళ్లకి రంగూ రుచీ వాసనా లేకపోయినా ఫరవాలేదు, ఫ్లెక్సీ ఉండాలి.

ఆ లోటు తీర్చేవాడు వారంలో దిగాడు. ఒకనాటి పొద్దున కారు దిగిన దేవరాజుకి తన తడక కనబడలేదు. తడక మీద తాటికాయంత అక్షరాలతో ఫ్లెక్సీ! ‘చల్లని మనసున్న మన తిరుపతన్న – ప్రజల దాహం తీర్చే దాత’. నడుమ తెల్లచొక్కా తిరుపతి, చెవి దగ్గర ఫోను, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నవ్వు. చుట్టూ అనుచరుల ముఖాలు, పాస్‌పోర్టు సైజువి, పదహారు. రాబోయే ఎన్నికల్లో కార్పొరేటరుగా నిలబడాలని ఆ చుట్టుపక్కల పూసిన ప్రతి మొక్క పక్కనా ఫోటో దిగే మనిషి.

ఆ రోజు దేవరాజు కాలుగాలిన పిల్లిలా బాలమ్మ వచ్చేదాకా అక్కడే తిరిగాడు.

“ఎవడు కట్టాడిది?”

“నాకెర్క లేదు సార్. నిన్న నేను పోయినంక కట్టినట్టున్నరు. ఇందాక తొవ్వల ఒకడు ఆపి, ‘మంచిగ చేస్తున్నవమ్మా, మా అన్న పేరు నిలవెడుతున్నవ్’ అన్నడు.”

“నువ్వేమన్నావ్?”

“ఏమంట? చెప్పొద్దంటివి గద.”

అన్నింటికంటే ఘోరం ఆ మధ్యాహ్నం జరిగింది. జనం తాగడం మొదలుపెట్టారు! “ఓ, తిరుపతన్నదా!” అని గ్లాసు మీద గ్లాసు. మొగిలి మూడు గ్లాసులు తాగి, సీసా కూడా నింపుకుని, ఫ్లెక్సీకి దండం పెట్టి మరీ వెళ్లాడు. రెండో రోజుకి నాలుగు కుండలు చాలక ఇంకో నాలుగు కొనాల్సి వచ్చింది. తిరుపతి పేరు నిలబెట్టడానికి దేవరాజు నీళ్లు మోయించాడు. తిరుపతికి మొక్కు చెల్లించడమంటే ఇదే కాబోలు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

“తింటున్నారా, కెలుకుతున్నారా?” అంది సుగుణ.

“ఆ ఫ్లెక్సీలో పదహారు తలకాయలున్నాయి సుగుణా. పదహారు! అందులో ఒక్కడు ఒక్క చెంబుడు నీళ్లు పోసుంటే ఒట్టు.”

“దాహం తీరుతోందా లేదా?”

“తీరుతోంది. జనానికి.”

“మరి మీకేమైంది?”

“నాకు పుట్టింది.”

ఆఫీసులో ఇంకో తద్దినం. హెచ్.ఆర్. ఉదయ్ భాస్కర్ కిటికీ దగ్గరికి వచ్చి, “సార్, ఆ తిరుపతి అన్న సూపర్ సార్. మనం కూడా ఏదైనా చెయ్యాలి. శుక్రవారం ఆయన్ని పిలిచి శాలువా కప్పుదాం. మీరు శాలువా తెప్పించండి” అన్నాడు.

“శాలువానా? ఎండాకాలం ఎందుకండీ, ఉక్కపోస్తుంది.”

“ఆయనకి పోస్తే ఏం సార్?”

ఆయనకి కాదయ్యా, నాకు, అని అనలేక దేవరాజు నీళ్లు నమిలాడు. ఆ నీళ్లైనా తన సొంతం. శాలువా తెప్పించి సొరుగులో పెట్టాడు. సొరుగు తీసినప్పుడల్లా జరీ మెరిసి కళ్లలో గుచ్చుకునేది.

దురద ఎక్కువైతే మనిషి గోడకైనా వీపు రాసుకుంటాడు. దేవరాజుకి ఒక గోడ దొరికింది. పేరు పెట్టనని కదా ఒట్టు? గుర్తు పెట్టనని కాదుగా? బాపట్లలో చిన్నప్పుడు అమ్మ కుండలో వట్టివేళ్లు వేసేది. నీళ్లు తొలకరి పడ్డ నేలలా వాసనొచ్చేవి. ఒక్కసారి తాగితే, “ఎవరి చేతి నీళ్లమ్మా ఇవి?” అని అడగనివాళ్లు ఉండేవారు కాదు. అంతే. అడగాలి. జవాబు దొరక్కపోయినా ఫరవాలేదు, తిరుపతికి మాత్రం ఇలాంటి నీళ్లు చేతకావని జనం అనుకోవాలి.

కూకట్‌పల్లి మార్కెట్లో కోస్తావాళ్ల సరుకులు దొరికే కొట్టుకి వెళ్లి ఒక సంచెడు వట్టివేళ్లు తెచ్చాడు. గురువారం పొద్దున ఏడింటికి చిన్న చిన్న కట్టలు కట్టి ఎనిమిది కుండల్లోనూ అడుగుకి చేరేలా వేశాడు. బాలమ్మకి చెప్పలేదు. ఆమె కూడా ఆశ్చర్యపోవాలని. మధ్యాహ్నానికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ప్రశంస కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఒంటిగంటన్నర అయింది. నీళ్లు పలచటి టీ రంగుకి తిరిగాయి. మొగిలి బండి ఆపి, ఒక గ్లాసు తాగి, రెండోది తాగి, నాలుగడుగులు వేసి స్తంభం పక్కన భళ్లున కక్కుకున్నాడు.

దేవరాజు లేచి నిలబడ్డాడు.

కిందనున్న మొగిలి మూతి తుడుచుకుని కుండ మూత తీశాడు. లోపల చెయ్యి పెట్టి తడి వేళ్ల కట్ట పైకెత్తాడు. ఆ రోడ్డు మీద తిరిగే వేలమందికి తెలిసిన వేరు సాఫ్ట్‌వేరు ఒక్కటే. వట్టివేరు కుండలో ఉంటుందని ఎవరికి తెలుసు? హైదరాబాదులో అది ఉండాల్సిన చోటు ఇంకొకటుంది. మొగిలి అరుపు మూడో అంతస్తు అద్దం దాటి రాలేదు గానీ, దాని ఫలితం కనబడింది. నీడలో పడుకున్న బైకులవాళ్లంతా ఒక్కసారి లేచారు. కుండల చుట్టూ వలయం కట్టారు. వలయం నడుమ బాలమ్మ ఆకుపచ్చ చీర కొంగు కనబడి మాయమైంది.

ఐదు నిమిషాల్లో స్కూటరు మీద తిరుపతి మనుషులు ఇద్దరు వచ్చారు. బాలమ్మ వంక చూడలేదు. చకచకా తాళ్లు కోసి ఫ్లెక్సీ చుట్టచుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. నాయకులకి ఫ్లెక్సీ అంటే ఎందుకంత ప్రాణమో దేవరాజుకి అప్పుడు తెలిసింది. రాతి మీద పేరైతే చంకన పెట్టుకుని పారిపోలేరు.

ఇక ఆ తడక మీద ఎవరి పేరూ లేదు. తనకి కావలసింది అదే కదా? ఒట్టు కూడా అదే. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే ఒట్టు నిలబడుతుంది. పోలీసులో ఎవరో వస్తారు, నీళ్లు పారబోస్తారు, రేపటికి మర్చిపోతారు. దేవరాజు కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. కుర్చీలో మేకులున్నట్టుంది. వ్రతానికీ పిరికితనానికీ బయటి నుంచి ఒకటే ముఖం, రెండూ నోరు మూసుకునే ఉంటాయి.

ఫోను టింగుమంది. అపార్టుమెంటు గ్రూపు. ‘కొత్తగూడలో నీళ్లల్లో విషం! మహిళను పట్టుకున్న యువకులు.’ వీడియో. నొక్కాడు. తెర నిండా బాలమ్మ ముఖం. కళ్లు నేలకేసి ఉన్నాయి. ఏడాది కిందట పిల్ల చూసిన చూపే. ఆ చూపు మళ్లీ నలభై గ్రూపులు తిరగడానికి బయల్దేరింది, మళ్లీ తన మూలానే.

లిఫ్టు ఏడో అంతస్తులో ఆగి ఉంది. దేవరాజు మెట్లమీద పడి పరిగెత్తాడు. రోడ్డు దాటేటప్పుడు ఎవరో తిట్టారు, పట్టించుకోలేదు.

“ఎవలు పెట్టిచ్చిన్రు చెప్పవే!” మొగిలి అరుస్తున్నాడు. “కూలర్ గడ్డి ఏసిన్రు నీళ్లల్ల! కూలర్ పాతగయితె అండ్ల గడ్డి తీస్కొచ్చి మాకు తాపుతరా? మేం మనుషులం కాదా?”

“నాకు తెల్వకుంట పడ్డది బిడ్డా ఆ గడ్డి.”

“పెట్టిచ్చినోడెవడో తెలుసా, అది గూడ తెల్వదా?”

“తెలుసు.”

“మరి చెప్పు!”

“చెప్ప. నా బిడ్డ మీద ఒట్టేసిన.”

“పోలీసోళ్లకు చెప్తవ్ లే!”

“వాళ్లకు గూడ చెప్ప.”

“నాదీ!” అన్నాడు దేవరాజు. రొప్పు వల్ల మాట బయటికి రాలేదు. జనాన్ని తోసుకుని లోపలికి దూరి, కుండ బద్దలు కొట్టినట్టు అరిచాడు. “ఆ కుండలు నావి! నీళ్లు నావి! ఆ వేళ్లు వేసింది నేను! ఆమెను వదలండి!”

ఒక్కసారిగా ఇరవై ఫోన్లు బాలమ్మ మీద నుంచి తిరిగి దేవరాజు మీదికి వచ్చాయి. జీవితమంతా ఎదురుచూసిన క్షణం అది. ఇన్ని కెమెరాలు, అన్నీ తన ముఖం మీదే. పొట్ట లోపలికి పీల్చుకోవాలని కూడా తోచలేదు.

“నువ్వెవలు?” అన్నాడు మొగిలి.

“దేవరాజు. ఎదురుగా ఆ ఆఫీసులో చేస్తాను. అది వట్టివేరండి. మా వైపు కుండలో వేసుకుంటాం, చలవ చేస్తుంది. ఇదిగో...” గొలుసు గ్లాసు అందుకుని ఒకటి తాగాడు. రెండోది. మూడోది తాగుతుంటే పొరబోయి ముక్కులోంచి వచ్చింది.

“మంచిదే అయితె పేరెందుకు రాయలే? తప్పు లేకుంటె దాసుడెందుకు?”

దీనికి దేవరాజు జవాబు చెప్పాలంటే చెక్కు దగ్గర మొదలుపెట్టాలి, ఫ్యాను దాకా వెళ్లాలి.

చిత్తూరు నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్లుగా ఆటో తోలుతున్న మునిస్వామి ఆ కట్ట అందుకుని వాసన చూశాడు. “ఇది వట్టివేరే కదరా నాయనా! మా అవ్వ కుండలో ఏసేది. కూలర్లో ఏసినా ఇదే, కుండలో ఏసినా ఇదే. నువ్వు పొద్దున్నించి ఏం తిన్నావో అది చెప్పు ముందు.”

మొగిలి కొంచెం ఆలోచించాడు. “ఎగ్ పఫ్.”

“ఎప్పటిది?”

“నిన్నటిదని సగం ధరకిచ్చిండు.”

ఎవడో నవ్వాడు. ఆ నవ్వు వలయం అంతా తిరిగింది. ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. విషం వీడియో ఎంత దూరం వెళ్లిందో, ఈ నవ్వు మాత్రం స్తంభం దాటలేదు. నవ్వులకి ఫార్వర్డు తక్కువ. మొగిలి తల గోక్కుని, “పెద్దమ్మా, జర గుస్స గాకు” అని గొణిగి బండి దగ్గరికి నడిచాడు.

దేవరాజు బాలమ్మ వైపు తిరిగాడు. కాపాడినవాడి ముఖం పెట్టుకున్నాడు కూడా.

“జర ఇటు రా సార్” అంది బాలమ్మ. “నీళ్లల్ల గడ్డి ఏసిన ముచ్చట నాకెందుకు చెప్పలే? నీ పేరు చెప్పొద్దన్నవ్, చెప్పలే. నీళ్లల్ల ఏమున్నదో గూడ నాకు దాస్తవా? నేను దేనికని జవాబియ్యాలె?”

“ఆశ్చర్యపోతావని...”

“మస్తు ఆచ్చెర్యమైంది సార్! పోయినేడు నీ పేరు కోసం మా ఫోటో ముంగట పెట్టినవ్. ఈ ఏడు నీ పేరు దాసి నన్ను ముంగట పెట్టినవ్. నువ్వు పేరు పెట్టుకున్నా మేమే, పెట్టుకోకున్నా మేమేనా?”

దేవరాజు నీరుగారిపోయాడు. ఎనిమిది కుండల పక్కన పగిలిన తొమ్మిదో కుండలా నిలబడ్డాడు.

“ఒట్టు కదా బాలమ్మా... పేరు పెట్టనని నువ్వే...”

“ఫోటో వద్దన్న. నీ పేరు మా నెత్తిన పెట్టకన్న. నువ్వు లేనట్టు పరారుగమ్మని చెప్పిన్నా?”

అప్పటికి యశస్విని వచ్చింది. కొట్లో ఎవరి ఫోన్లోనో వీడియో చూసి కొండాపూర్ నుంచి ఆటోలో వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని తడిమి చూసింది, తడక చూసింది, కుండలు చూసింది. చివరికి దేవరాజును చూసింది. ఆయనే నేల చూపులు చూస్తున్నాడు.

ఆ పిల్ల క్యాన్ల పక్కన పడున్న అట్టపెట్టె చింపింది. ధరల చీటీలు రాసే మార్కరు సంచిలోంచి తీసింది. “సార్, మీ నంబర్ చెప్పండి.”

“నంబరు ఎందుకమ్మా?”

“అడిగేటోళ్లకు. ఇగ మా అమ్మనడగొద్దు.”

చెప్పాడు. గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఈ నీళ్లకు జవాబుదారి: దేవరాజు. నీళ్లలో ఉన్నది వట్టివేరు. బాగలేకుంటే ఫోన్ చేయండి.’ కింద నంబరు.

“పైన చిన్నగా ‘దాత’ అని...” దేవరాజు నోరు జారింది. ఏం చేస్తాడు, దురద!

మార్కరు ఆగింది. పిల్ల తలెత్తింది.

“వద్దులే” అన్నాడు దేవరాజు. వెంటనే, “అమ్మా, కాలేజీ సంగతి...” అన్నాడు.

“అది నేను చూసుకుంట సార్. మీరు నీళ్లు చూసుకోండి.”

అట్ట తడకకి కట్టి తల్లిని ఇంటికి తీసుకుపోయింది. నాలుగింటి దాకా స్టూలు మీద కూర్చుని నీళ్లు పోసింది దేవరాజే. ఒక్కడు కూడా కృతజ్ఞత చెప్పలేదు. “ఇంకింత సల్లగ లేవా సార్?” అన్నారు ఇద్దరు ముగ్గురు. పైకి వెళ్లి సొరుగులో శాలువా తీసుకొచ్చి, నీళ్లలో ముంచి, ఎండ తగిలే కుండకి చుట్టాడు. శుక్రవారం సన్మానం రద్దయింది. తిరుపతి ఊళ్లో లేడట. ఉదయ్ భాస్కర్ శాలువా ఏదని అడిగితే, “తడిసింది” అన్నాడు దేవరాజు.

బాలమ్మ మూడు రోజులు రాలేదు. నాలుగోరోజు వచ్చింది. ముందు ప్రతి కుండ మూతా తీసి లోపలికి చూసింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది. దేవరాజుతో మాట్లాడలేదు గానీ గ్లాసు తీసి తోమింది.

అప్పటి నుంచి ఫోనుకి విరామం లేదు. “సార్, మూడో కుండ కారుతున్నది.” “సార్, గ్లాసు గొలుసు ఊడింది.” “సార్, ఈ వేర్ల నీళ్లు షుగరున్నోళ్లు తాగొచ్చా?” కొత్తగూడలో ఆయన పేరు తెలియని బండివాడు లేడు. పేరు మారుమోగుతోంది, ఫోను మోగినంతసేపూ. మీటింగులో మోగుతుంది, స్నానంలో మోగుతుంది, ముద్ద నోట్లో పెట్టుకోబోతే మోగుతుంది. ఇంత పేరు ఇంత తిక్కగా ఉంటుందని దేవరాజు ఎన్నడూ అనుకోలేదు. పేరు లేనప్పుడు ఒక రకంగా నిద్ర పట్టలేదు, ఇప్పుడు ఇంకో రకంగా పట్టడం లేదు.

మే నెల చివరి ఆదివారం. పాస్టరు గారు ప్రసంగం సగంలో ఉన్నారు. పైన ఎడమవైపు మూడో ఫ్యాను పేరు కనబడనంత వేగంగా తిరుగుతోంది. జేబులో ఫోను జరజరమంది. దేవరాజు ఒంగి ఒంగి బయట వరండాలోకి వచ్చాడు.

“సార్, నేను మొగిలిని. ఐదో రంజన్ల పురుగు పడ్డది. పెద్దమ్మ ఇయ్యాల రాలే గద.”

“ఐదో కుండలోనా? పారబొయ్యండి. మూత పెట్టలేదా? నేను గంటలో వస్తాను. ఈలోపు ఎవరూ తాగకుండా చూడండి, మీ పేరేమన్నారూ, మొగిలీ, మీరే జవాబుదారి.”

“నేనా?” అన్నాడు మొగిలి కంగారుగా. దేవరాజు ఫోను పెట్టేశాడు.

లోపల ఏదో తేడాగా ఉంది. గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. పాస్టరు గారి గొంతు ఒక్కసారిగా పెద్దదై వినబడుతోంది. విసనకర్రల్లా పాటల పుస్తకాలు ఊగుతున్నాయి. సుగుణ కొంగుతో మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“కరెంటు పోయింది.”

“ఇన్వర్టరో?”

“బ్యాటరీ చచ్చింది. పోయిన క్రిస్మస్‌కే నాలుగేళ్లు నిండాయి, మారుద్దాం మారుద్దాం అనుకుంటూనే...” అని ఠక్కున నాలుక కరుచుకుంది.

దేవరాజు భార్య ముఖం చూశాడు. నాలుగేళ్లు పక్కనే కూర్చుని, తను ఆ పేరులేనివాణ్ణి తిట్టినప్పుడల్లా పాటల పుస్తకం అడ్డం పెట్టుకున్న ముఖం. అప్పట్లో భక్తి అనుకున్నాడు.

“నువ్వా?”

“ఏంటి నేను? లోపలికెళ్లండి. మీ ఫ్యాను ఆగింది. ఎర్రగా, ఇంతింత అక్షరాలతో కనబడుతోంది. ఆరేళ్లు ఎదురుచూశారుగా!”

తలుపు అవతల రెండడుగులు వేస్తే చాలు. దేవరాజు ఒక అడుగు వేశాడు.

ఫోను మోగింది.

“సార్, పారబోసిన. గిప్పుడు మునిస్వామి తాత దూపైతున్నదంటున్నడు. ఆరో రంజన్ల నీళ్లు తాగొచ్చునా? అండ్ల గూడ ఏదో తేలుతున్నది.”

“ఏ రంగులో ఉంది? నల్లగానా? వట్టివేరేమో చూడండి, సరిగ్గా చూడండి...” అంటూ దేవరాజు కారు తాళం కోసం జేబులు తడుముకుంటూ మెట్లు దిగాడు.

“ఏవండీ!” వెనక నుంచి సుగుణ కేకేసింది. “వచ్చేటప్పుడు బ్యాటరీ పట్టుకు రండి. ఎవరికీ చెప్పకండి!”

“పేరు?” అన్నాడు, అలవాటు పోక.

సుగుణ కళ్లెర్రజేసింది. దేవరాజు ఫోను చెవికి ఆనించుకుని గేటు దాటాడు. “ఆఁ, లైన్లోనే ఉన్నాను, చెప్పండి మొగిలీ, కదులుతోందా?”